రేసుకు ఖరీదైన సైకిలే కావాలా?

హేస్టింగ్స్ వీధిలో ‘జిరో ది బర్నబీ’ రేసు చూశాక నలభై దాటిన నాకూ క్లబ్ రేసుల సరదా పుట్టింది. ఇంటి లోను, పిల్లల చదువుల మధ్య వేల డాలర్ల కార్బన్ సైకిల్ ఎందుకు? గుంపులో ఒకరు పడితే వెనకవాళ్లూ పడతారు. విరిగితే మళ్లీ కొనగలిగిన సైకిలే రేసుకు తగినది.

అందుకే షిమానో 105 గేర్లున్న పాత అల్యూమినియం సైకిల్ కొన్నాను. కొనేముందు ఫ్రేము మన ఎత్తుకు సరిపోతుందా, పగుళ్లున్నాయా, చైన్ అరిగిందా చూసుకోండి. మొదటి ఖర్చు టైర్లకు, బ్రేకులకు పెట్టండి. ఫ్రేములో పడితే 28 మి.మీ. టైర్లు మేలు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కాస్త వంగేలా సీటు ఎత్తు పెట్టుకోవాలి. హ్యాండిల్ చివర్లకు మూతలు తప్పనిసరి. సైమన్ ఫ్రేజర్ వర్సిటీ కొండెక్కాలంటే వెనక 32 పళ్ల గేరు ఉంటే మోకాళ్లు బతుకుతాయి.

మిగిలిన డాలర్లు మంచి హెల్మెట్‌కు. గెలిచినా ఓడినా సోమవారం ఆఫీసుకు క్షేమంగా వెళ్లాలి కదా!