బీరే గదా అంటరు.. లెక్క సూడుర్రి

మా దిక్కు మంది నోట్ల ఒకటే మాట: "బీరే గదా, ఏం గాదు." విస్కీ తాగెటోడు తాగుబోతు, బీరు తాగెటోడు మంచోడు! సీస మీద అచ్చేసింది సదివి నేను లెక్కేసిన.

స్ట్రాంగ్ బీరు పెద్ద సీస 650 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ 8 శాతం దాకా ఉండొచ్చు. అంటే 52 మిల్లీలీటర్ల అసలు సరుకు. మన విస్కీల 42.8 శాతం ఉంటది, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గుకు 26 దాకా అయితది. ఇగ సూడుర్రి, ఒక్క స్ట్రాంగ్ సీస రెండు పెద్ద పెగ్గులతోని సమానం. మూడు సీసలు కొట్టి బండి ఎక్కెటోడు ఆరు పెగ్గుల మీద ఉన్నట్టే. లైట్ బీరుల 5 శాతం లోపే ఉంటది గని, గది అడిగెటోడేడి?

బార్ల పెగ్గయితే కొలిచి పోస్తరు. బీరుకు కొలత లేదు, మూత తీసి పెట్టుడే. "ఇంకోటి తే" అన్నోనికి వద్దని వెయిటర్ ఎట్ల చెప్తడు? చెప్తే టిప్పు పాయె, మీదికెల్లి తిట్లు. 100 మిల్లీలీటర్ల నెత్తుర్ల 30 మిల్లీగ్రాములు దాటితే కేసని చట్టం అంటది. ఊదిపిచ్చే మెషిన్ రోడ్డు మీద ఉంటది, బార్ల మాత్రం లెక్క చెప్పెటోడు ఉండడు. మెనూ కార్డు మీద బీరు ధర పక్కన "రెండు పెగ్గులు" అని రాయమనుర్రి. గా వెయిటర్‌కన్న జర ఆసరా అయితది.