గోల్ఫ్ జీటీఐ: ఒకదానికొకటి అమరే భాగాల కారు

కుటుంబ అవసరాలకు చేసిన చిన్న హ్యాచ్‌బ్యాక్‌లోనే శక్తిమంతమైన ఇంజిను, బిగువైన సస్పెన్షను, మెరుగైన బ్రేకులు అమర్చిన కారును హాట్ హ్యాచ్ అంటారు. ఫ్రాన్సులో సిమ్కా 1100 టీఐ లాంటివి ముందే ఉన్నా, ఈ తరహాకు పేరు తెచ్చింది జర్మనీలో పుట్టిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. దాన్ని 1975 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో చూపించారు. 1976 జూన్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. ఇంజనీరు అల్ఫోన్స్ లోవెన్‌బెర్గ్ ఆలోచనకు కొద్దిమంది సహోద్యోగులు తోడై, సంస్థ అధికారికంగా ఒప్పుకోకముందే నమూనా కార్లు సిద్ధం చేశారు. 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి తరం ముగిసేసరికి 4,61,690 తయారయ్యాయి.

ఈ కారు కోసం కొత్తగా కనిపెట్టింది చాలా తక్కువ. జొర్జెట్టో జుజారో గీసిన గోల్ఫ్ బాడీ 1974 నుంచే రోడ్ల మీద ఉంది. 1588 సీసీ ఇంజిను ఆడి 80 జీటీఈ కారుది. ఆడిలో పొడవుగా కూర్చున్న ఆ ఇంజినును గోల్ఫ్‌లో అడ్డంగా పెట్టారు. ఇంధనాన్ని అందించే కే-జెట్రానిక్ పరికరం బాష్ సంస్థది, 1973 నుంచి పోర్షే కార్లలో వాడుతున్నదే. ఇవన్నీ ఒకచోట చేరేసరికి 810 కిలోల కారుకు 110 హార్స్‌పవర్ దక్కింది, గంటకు 182 కిలోమీటర్ల వేగం వచ్చింది. సంస్థ దగ్గర ఉన్న భాగాలను తెలివిగా కలిపి చేసిన కారు కాబట్టే, తర్వాతి దశాబ్దాల్లో దాన్ని బాగుచేసేవారికీ అదే పద్ధతి కలిసివచ్చింది.

అందుకు మూలం ఈఏ827 అనే ఇంజిను కుటుంబం. 1972లో ఆడి 80తో మొదలైన ఈ కుటుంబంలో పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం 88 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీలో బ్లాకులకు రంధ్రాలు తొలిచే యంత్రాలన్నీ ఆ కొలతకే బిగించి ఉంటాయి. దాన్ని మారిస్తే కోట్ల ఖర్చు. అందువల్ల ఇంజినును పెంచాల్సి వచ్చినప్పుడల్లా సిలిండరు వ్యాసాన్ని కొద్దిగా, పిస్టను నడిచే దూరాన్ని మరికొంత పెంచారు తప్ప మూల కొలతల జోలికి పోలేదు. మొదటి జీటీఐలో వ్యాసం 79.5, పిస్టను నడక 80 మిల్లీమీటర్లు. 1982లో వచ్చిన 1781 సీసీ ఇంజినులో అవి 81, 86.4 అయ్యాయి. పస్సాట్, కొరాడో కార్లలో పెట్టిన 16 వాల్వుల 1984 సీసీ ఇంజినులో 82.5, 92.8కి చేరాయి. గేర్‌బాక్సును ఇంజినుకు కలిపే బోల్టుల అమరిక మాత్రం మారలేదు. 1977 నాటి కారులో అరిగిపోయిన 1588 ఇంజినును తీసి 1781 ఇంజినును దింపితే పెద్దగా కోతలూ వెల్డింగులూ లేకుండానే కూర్చుంటుంది. గరిష్ఠ శక్తిలో తేడా రెండే హార్స్‌పవర్లు. నిజమైన లాభం లాగుడులో ఉంది: పాత ఇంజిను గరిష్ఠ టార్కును నిమిషానికి 5,000 చుట్ల దగ్గర ఇస్తే, కొత్తది 3,500 దగ్గరే ఇస్తుంది. ఊళ్లో రోజూ తిరిగే కారుకు ఇది పెద్ద తేడా.

పాత జీటీఐ మరమ్మతులో ఎక్కువమందిని తిప్పలు పెట్టేది కే-జెట్రానిక్. దాని పని అంతా యాంత్రికమే. ఇంజిను పీల్చే గాలి ఒక గుండ్రటి పలకను పైకి నెడుతుంది. పలకకు తగిలించిన మీట ఒక సన్నని పిస్టనును ఎత్తుతుంది. పిస్టను ఎంత లేస్తే దాని చుట్టూ ఉన్న సన్నని చీలికలు అంత తెరుచుకుని, అంత పెట్రోలు నాలుగు ఇంజెక్టర్లకు పోతుంది. ఇంజెక్టర్లు ఆగి ఆగి కాకుండా నిరంతరం చిమ్ముతాయి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మిశ్రమాన్ని చిక్కగా ఉంచడానికి వార్మప్ రెగ్యులేటరు, ఆపిన తర్వాత గొట్టాల్లో పీడనం నిలపడానికి అక్యుములేటరు ఉంటాయి.

దీని లోపాలు ఈ నిర్మాణం నుంచే అర్థమవుతాయి. పలకను దాటాక ఎక్కడైనా రబ్బరు గొట్టం పగిలినా, ఇంజెక్టరు చుట్టూ సీలు గట్టిపడినా, లెక్కకు రాని గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు మాత్రం పలక కొలిచిన గాలికే సరిపడా వస్తుంది. మిశ్రమం పలచబడి ఇంజిను తడబడుతుంది. బాగా నడిచిన కారును అరగంట ఆపి మళ్లీ తిప్పితే స్టార్టు కాకపోవడం మరో తరచు ఫిర్యాదు. పీడనం నిలవక, వేడికి గొట్టాల్లో పెట్రోలు ఆవిరి బుడగలవుతుంది. తప్పు అక్యుములేటరుది కావచ్చు, పంపులోని వన్-వే వాల్వుది కావచ్చు. పీడనం కొలిచే గేజి పెట్టి చూస్తే ఈ తప్పుల్లో చాలావరకు ఒక పూటలో తేలిపోతాయి. ఆ పని చెయ్యకుండా కే-జెట్రానిక్ మొత్తాన్ని పీకేసి, జంట వెబర్ కార్బురేటర్లు బిగించిన కార్లు చాలా ఉన్నాయి. రేసుల కోసమైతే సరే. రోజువారీ వాడకానికి మాత్రం పది రూపాయల సీలు మార్చాల్సిన చోట మంచి పరికరాన్ని పోగొట్టుకోవడమే అది.

కే-జెట్రానిక్‌కు అసలు శత్రువు మరోచోట ఉంటుంది. మొదటి, రెండో తరం గోల్ఫుల్లో పెట్రోలు పోసే గొట్టం మెడ ఉక్కుది. వెనక చక్రం విసిరే నీరూ బురదా తగిలి అది తుప్పు పడుతుంది. ఎర్రటి పొడి ట్యాంకులోకి రాలి, పంపును అరగదీసి, చివరికి ఆ సన్నని చీలికల్లో చేరుతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్ ఇంధనం తాలూకు ఏ ఫిర్యాదు వచ్చినా ముందు మూత తీసి, టార్చిలైటు వేసి మెడ లోపల చూస్తాడు. అక్కడ తుప్పుంటే మెడ మార్చి, ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చే దాకా పైన ఎన్ని కొత్త భాగాలు వేసినా డబ్బు దండగ.

శక్తి పెంచే ముందు బ్రేకుల సంగతి చూడాలి. మొదటి జీటీఐ ముందు డిస్కుల వ్యాసం 239 మిల్లీమీటర్లు, వెనక డ్రమ్ములు. సిరాకో 16 వాల్వుల కారులోని 256 మిల్లీమీటర్ల డిస్కులను వాటి కాలిపర్లు, క్యారియర్లతో సహా పాత గోల్ఫుకు బిగించవచ్చు. పెద్ద డిస్కు చక్రాన్ని మరింత పట్టుతో ఆపుతుంది, పుట్టిన వేడినీ ఎక్కువ లోహంలోకి పంచుతుంది. అయితే కారుతో వచ్చిన 13 అంగుళాల చక్రాల్లో అది పట్టదు, చక్రాలు మార్చాలి. కొరాడో జీ60 నుంచి తెచ్చే 280 మిల్లీమీటర్ల డిస్కులకైతే 15 అంగుళాల చక్రాలు కావాలి. గోల్ఫ్, సిరాకో, జీ60 అన్నిటిలోనూ చక్రానికి నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయం మీదే ఉండటం వల్ల ఈ మార్పిడి సులువైంది.

బ్రిటన్ కోసం చేసిన కుడిచేతి స్టీరింగు కార్లలో ఇంకో చిక్కు ఉంది. పెడల్ కుడివైపుకు వచ్చినా, బ్రేకు మాస్టరు సిలిండరు ఎడమవైపే ఉండిపోయింది. రెంటినీ అడ్డంగా ఒక కడ్డీ కలుపుతుంది. కడ్డీ మెలిపడటం, దాని బుష్‌లు అరగడం వల్ల పెడల్ మెత్తగా, దిగబడినట్టు ఉంటుంది. చాలామంది 20.6 మిల్లీమీటర్ల మాస్టరు సిలిండరు తీసి 22.2 మిల్లీమీటర్లది వేస్తారు. వైశాల్యం సుమారు 16 శాతం పెరగడంతో అంతే నొక్కుకు ఎక్కువ ఆయిలు కదిలి పెడల్ ప్రయాణం తగ్గుతుంది. కానీ అదే నిష్పత్తిలో కాలి బలం ఎక్కువ కావాలి. బుష్‌లు మార్చకుండా సిలిండరు ఒక్కటే మారిస్తే జబ్బు అలాగే ఉంటుంది.

రెండో తరం జీటీఐకి వెనక కూడా డిస్కులే. వాటి ఇనుప కాలిపర్లలో హ్యాండ్‌బ్రేకు మీట దగ్గర నీరు చేరి బిగుసుకుపోతుంది. నాలుగో తరం గోల్ఫులోని అల్యూమినియం కాలిపర్లు ఆ స్థానంలో అమరుతాయి. బ్రేకు గొట్టాన్ని మాత్రం వాటికి తగినట్టు మార్చుకోవాలి. అలా పదేళ్లకు పైగా తర్వాత వచ్చిన కారులోని భాగం పాత కారు రోగాన్ని కుదురుస్తుంది.

గేర్‌బాక్సు దగ్గర జాగ్రత్త పడాలి. 020 రకం గేర్‌బాక్సులో డిఫరెన్షియల్‌కు పెద్ద పళ్ల చక్రాన్ని రివిట్లతో బిగించారు. ఇంజిను శక్తి పెరిగితే రివిట్లు వదులై తెగుతాయి. ఒక్క రివిటు తల ఊడి తిరిగినా గేర్‌బాక్సు గోడకు బొక్క పడి ఆయిలంతా కారిపోతుంది. ఏ కారణంతో గేర్‌బాక్సు విప్పినా ఆ రివిట్లను తొలిచి తీసి, గట్టి ఉక్కు బోల్టులు వేయించడం తెలివైన పని. సామాను ఖర్చు తక్కువ, విప్పే కూలీ ఎలాగూ ఇస్తున్నదే.

బోల్టులు కలిసినంత మాత్రాన భాగాలు కలిసినట్టు కాదు. మూడో తరం జీటీఐలోని 150 హార్స్‌పవర్ల 16 వాల్వుల ఇంజిను ఇదే కుటుంబానిదైనా, దాని బ్లాకు 220 కాకుండా 236 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ 16 మిల్లీమీటర్లతో టైమింగ్ బెల్టు మారుతుంది, పాత కారు బానెట్ కింద చోటు చాలడం కష్టమవుతుంది. 1980ల నడుమ వాల్వులకు హైడ్రాలిక్ ట్యాపెట్లు వచ్చాయి. ముందటి హెడ్డులోని క్యామ్‌షాఫ్టు చూడటానికి ఒకేలా ఉన్నా కొత్త హెడ్డులో పనికిరాదు. మొదటి తరం సస్పెన్షన్ చేతులు నేరుగా బాడీకి బిగిస్తారు, రెండో తరంలో విడి సబ్‌ఫ్రేముకు. అవి కలవవు.

ఈ పద్ధతి ఫోక్స్‌వ్యాగన్‌కే పరిమితం కాదు. 1984లో వచ్చిన పెజో 205 జీటీఐలోనూ ఎక్స్‌యూ అనే ఇంజిను కుటుంబం ఉంది. 405 ఎంఐ16లోని 1905 సీసీ, 160 హార్స్‌పవర్ల ఇంజినును 205లో పెట్టడం ఐరోపా గ్యారేజీల్లో మామూలు పని అయింది.

పాత గోల్ఫ్ భాగాలు ఇన్నాళ్లు దొరకడానికి దక్షిణాఫ్రికా కూడా కారణం. అక్కడి యూటెన్‌హేగ్ ఫ్యాక్టరీలో మొదటి తరం గోల్ఫును సిటీ గోల్ఫ్ పేరుతో 2009 వరకు తయారు చేశారు. అదీ కుడిచేతి స్టీరింగు కారే కావడంతో బ్రిటన్‌లోని యజమానులకు ఆ భాగాలు ఎంతో ఉపయోగపడ్డాయి.

జర్మనీలో ఇలాంటి మార్పులను అధీకృత తనిఖీ సంస్థకు చూపించి వాహన పత్రాల్లో ఎక్కించాలి. 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో మంచి స్థితిలో ఉన్న కారుకు హెచ్ అక్షరంతో ముగిసే నంబరు ప్లేటు ఇస్తారు. సాధారణంగా, కారు మొదటి పదేళ్లలో వాడుకలో ఉన్న మార్పులను ఆ ప్లేటు కోసం ఒప్పుకుంటారు. ఆ లెక్కన 1977 జీటీఐలో 1982 నాటి 1781 ఇంజిను నిలుస్తుంది, 1990ల నాటి 236 మిల్లీమీటర్ల బ్లాకు నిలవదు.