ఏడు అంటే చాలు... చుట్టరికం తెలిసిపోతుంది!

ఒకటి బ్రహ్మపుత్ర ఒడ్డు భాష. ఇంకొకటి బాల్టిక్ సముద్ర తీరపు భాష. గువాహటికీ స్టాక్‌హోమ్‌కీ మధ్య దాదాపు ఆరున్నర వేల కిలోమీటర్ల దూరం. లిపి వేరు, తిండి వేరు, వాతావరణం వేరు. అలాంటి అస్సామీ, స్వీడిష్ భాషలు దూరపు చుట్టాలంటే నమ్మగలమా? నమ్మాల్సిందే. సాక్ష్యం వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు... అక్షరాలా!

రెండుని అస్సామీలో 'దుయ్' అంటారు, స్వీడిష్‌లో 'త్వో' అంటారు. మూడు అక్కడ 'తిని', ఇక్కడ 'త్రే'. ఎనిమిది 'ఆఠ్' అయితే 'ఒట్టా'. తొమ్మిది 'నొ' అయితే 'నీయు'. పేరుని వీళ్లు 'నామ్' అంటే వాళ్లు 'నమ్న్' అంటారు. తెలుగు ఈ కుటుంబంలోది కాదు, ద్రావిడ భాష. అయినా ఈ చుట్టరికం మనకి ఇట్టే తెలిసిపోతుంది. ద్వి, త్రి, అష్ట, నవ, నామం... ఇవన్నీ సంస్కృతం నుంచి మనమూ తెచ్చుకున్న మాటలే కదా!

ఈ సంగతి తొలిసారి గట్టిగా చెప్పినవారిలో ఒకరు సర్ విలియం జోన్స్. కలకత్తా సుప్రీంకోర్టు జడ్జి అయిన ఆయన 1786లో ఆసియాటిక్ సొసైటీలో ప్రసంగిస్తూ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయన్నారు. ఆ కుటుంబానికే తర్వాత ఇండో-యూరోపియన్ అని పేరొచ్చింది. అన్నట్టు, సాహిత్యంలో నోబెల్ విజేతలను ఎంపిక చేసే స్వీడిష్ అకాడమీ పుట్టింది కూడా అదే 1786లో.

పోలికను నమ్మొద్దు

మాటలు ఒకలా వినిపించినంత మాత్రాన బంధుత్వం ఉన్నట్టు కాదు. అస్సామీలో 'మోర్' అంటే 'నా' అని అర్థం. స్వీడిష్‌లో ఇంగ్లిషు అక్షరాలతో అలాగే రాసే మాటకు 'అమ్మ' అని అర్థం. ఆ రెండిటికీ ఏ సంబంధమూ లేదు. భాషావేత్తలు చూసేది పోలికను కాదు, క్రమాన్ని. సంస్కృతంలో 'ప' ఉన్నచోట స్వీడిష్‌లో 'ఫ' వస్తుంది. పంచ అస్సామీలో 'పాఁస్' అయింది, అటు 'ఫెమ్' ఉంది. 'ద' ఉన్నచోట 'త' వస్తుంది. పన్ను ఇక్కడ 'దాఁత్', అక్కడ 'తాండ్'. 'గ' ఉన్నచోట 'క' వస్తుంది. ఆవు ఇక్కడ 'గోరు', అక్కడ 'కూ'. మాట మారినా సూత్రం తప్పదు. అస్సామీలు బాతుని 'హాఁహ్' అంటారు. స్వీడన్‌వాళ్లు దాని పెద్ద జాతిని 'గోస్' అంటారు. వినడానికి ఎక్కడా కలవవు. కానీ రెండూ మన 'హంస'కి బంధువులే!

అసలు వింత ఏడు దగ్గర ఉంది. సప్త అన్న మాట అస్సామీలో 'ఖాత్' అయింది. ఇది మన ఖ కాదు, హైదరాబాదీ ఉర్దూలో 'ఖబర్' అనేటప్పుడు గొంతులోంచి గాలి రాసుకుంటూ వచ్చే ధ్వని. అస్సామీలో చాలాచోట్ల 'స' ఇలాగే పలుకుతుంది. స్వీడన్‌లోనూ ఏడుకి అలాంటి విచిత్రమైన మొదటి ధ్వనే ఉంది. 'హ'కీ 'ష'కీ మధ్య ఊదినట్టుండే ఆ ధ్వని విదేశీయులకి ఓ పట్టాన నోరు తిరగదు. రెండు భాషలూ 'స'తోనే బయల్దేరాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా, వేర్వేరు దారుల్లో గొంతుదాకా వెళ్లాయి.

తిరకాసు ఇంకోటుంది. ట, డ, ణ లాంటి ధ్వనులు మన దేశపు భాషలకి గుర్తు. అస్సామీలో మాత్రం ట, త ల మధ్య తేడా పోయింది. అక్షరాలు రెండున్నా పలుకు ఒక్కటే. స్వీడన్‌లో చాలా ప్రాంతాల్లో 'ర'కారం పక్కన 'న' వస్తే రెండూ కలిసి 'ణ' అవుతాయి. పిల్లవాణ్ని 'బాణ్' అంటారు!

మేనమామ ఉన్నాడు, 'మీరు' లేదు

ఇంగ్లిషులో బాబాయి, మామయ్య అందరూ అంకుళ్లే. స్వీడిష్‌లో అలా కాదు. నాన్న తరఫువాడు 'ఫార్‌బ్రూర్', అంటే తండ్రి సోదరుడు. అమ్మ తరఫువాడు 'మూర్‌బ్రూర్'. నాన్నమ్మ 'ఫార్‌మూర్', అమ్మమ్మ 'మూర్‌మూర్'. అస్సామీలోనూ మేనమామ 'మామా', మేనత్త 'పేహీ' ఎవరికి వారే.

మర్యాద దగ్గర మాత్రం ఈ చుట్టాలు విడిపోయారు. అస్సామీలో చనువుకి 'తొయ్', మామూలుగా 'తుమి', గౌరవానికి 'ఆపునీ' వాడతారు. దాన్నిబట్టే క్రియ కూడా మారుతుంది. స్వీడన్‌లోనూ ఒకప్పుడు ఇంతకన్నా పెద్ద తంటా ఉండేది. ఎదుటివారిని నువ్వనలేక, మీరనలేక, 'డాక్టరుగారు కాఫీ తాగుతారా' అన్నట్టు హోదాతోనే పలకరించేవారు. 1967లో అక్కడి ఆరోగ్యశాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్, తాను సిబ్బంది అందరినీ 'దు' అంటానని, వాళ్లూ తనని పేరుపెట్టి పిలవాలని చెప్పారు. అప్పటికే మొదలైన మార్పు దాంతో ఊపందుకుంది. కొన్నేళ్లలోనే దాదాపు అందరూ 'దు' అయిపోయారు. అన్నట్టు, బ్రూర్ అంటే 'సోదరుడు'!

పోరాడి నిలిచాయి

అస్సామీకి దక్కిన గౌరవం తేలిగ్గా రాలేదు. 1836లో బ్రిటిష్ ప్రభుత్వం అస్సాం కోర్టుల్లో, బడుల్లో బెంగాలీని పెట్టింది. అస్సామీ వేరే భాషేనని ఆనందరామ్ ఢెకియాల్ ఫుకన్ వాదించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1846లో 'అరుణోదయ్' పత్రికను తెచ్చారు. 1873లో అస్సామీకి మళ్లీ చోటు దొరికింది. హేమచంద్ర బరువా నిఘంటువు 'హేమకోశ్' ఆయన కన్నుమూశాక 1900లో అచ్చయింది. 2011 లెక్కల ప్రకారం కోటీ యాభై లక్షలకు పైగా మాట్లాడే ఈ భాషకు 2024లో ప్రాచీన హోదా వచ్చింది.

దాదాపు కోటిమంది మాట్లాడే స్వీడిష్‌కీ ఇంగ్లిషు బెంగ తప్పలేదు. స్వీడన్ ప్రధాన భాష స్వీడిషేనని 2009లో చట్టం చేసుకున్నారు. స్వీడిష్ అకాడమీ 1883లో మొదలుపెట్టిన మహా నిఘంటువు 2023లో పూర్తయింది. నూట నలభై ఏళ్లు! పూర్తయ్యేసరికి తేలిందేమిటంటే, మొదటి సంపుటాల్లో 'అలెర్జీ' లాంటి మాటలే లేవు. అవి అచ్చయినప్పటికి ఆ మాట ఇంకా పుట్టలేదు మరి. అందుకే సంపాదకులు మళ్లీ మొదటి అక్షరం దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మాట్లాడే మనుషులున్నంతకాలం భాషకి చివరి పేజీ ఉండదు.