గోల్ఫ్ స్వింగ్‌లో సమతౌల్యం, పాదాల కదలిక

గోల్ఫ్ ఆటలో బంతిని కొట్టడానికి క్లబ్‌ను వెనుకకు ఎత్తి, తిరిగి కిందికి దించి, బంతిని తాకించి, ఎడమ భుజం మీదుగా ముగించే మొత్తం కదలికను స్వింగ్ అంటారు. ఈ కదలికలో శరీరం తూలిపోకుండా నిలుపుకోవడమే సమతౌల్యం. శరీరపు బరువు ఒక కాలి నుండి మరొక కాలికి మారడానికి పాదాలు, చీలమండలు, మోకాళ్ళు చేసే పనిని పాదాల కదలిక అంటారు. బంతి గతి తప్పినపుడు కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా చేతుల పట్టులోనో, క్లబ్‌లోనో లోపాన్ని వెతుకుతారు. కాని ఆ లోపం చాలాసార్లు పాదాల వద్ద పుట్టి, చేతుల వద్ద బయటపడుతుంది. అందువలన సవరణ నేల నుండి పైకి జరగాలి.

ఈ వ్యాసంలోని వివరణ కుడిచేతివాటం వారిని ఉద్దేశించినది. వారికి లక్ష్యం ఎడమ వైపున ఉంటుంది. ఎడమచేతివాటం వారు కుడి, ఎడమలను తారుమారు చేసి చదువుకోవాలి.

భౌతిక కారణాలు

స్వింగ్ చేస్తున్నపుడు ఆటగాడి శరీరంలో నేలను తాకి ఉండేవి పాదాలు మాత్రమే. న్యూటన్ మూడవ గమన నియమం ప్రకారం పాదాలు నేలను ఎంత బలంతో నెడతాయో, నేల కూడా పాదాలను అంతే బలంతో ఎదురు నెడుతుంది. నడుము, భుజాలు, చేతుల భ్రమణానికి ఈ ప్రతిచర్యే ఆధారం. పాదం జారినా, మడమ మీదికి ఒరిగినా ఆ ఆధారం సన్నగిల్లుతుంది.

క్లబ్ కూడా ఆటగాడిని బయటికి లాగుతుంది. డ్రైవర్ అనే పొడవైన క్లబ్ తల ద్రవ్యరాశి సుమారు 200 గ్రాములు. అది సెకనుకు 40 మీటర్ల వేగంతో (గంటకు 144 కి.మీ.), సుమారు 1.7 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంపై తిరుగుతోందని అనుకుందాం. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి, వ్యాసార్ధంతో భాగిస్తే కావలసిన అభికేంద్ర బలం వస్తుంది. అది దాదాపు 188 న్యూటన్లు, అనగా 19 కిలోల బరువుకు సమానం. నిండు బకెట్ నీళ్ళ బరువు కంటే ఎక్కువైన ఈ లాగుడును ఆటగాడు ఆ క్షణంలో నిలువరించాలి. నిలువరించలేనివారు బంతి వైపు తూలుతారు.

పొరపాటుకు ఉన్న అవకాశం కూడా చాలా స్వల్పం. నియమాల ప్రకారం బంతి వ్యాసం 42.67 మి.మీ. కంటే తక్కువ ఉండరాదు. అనగా నేలపై ఉన్న బంతి నడుము ఎత్తు సుమారు 2 సెం.మీ. మాత్రమే. కాలివేళ్ళపై లేచినందువల్ల శరీరం 2 సెం.మీ. పైకి పోతే, క్లబ్ అంచు బంతి అడుగును కాక నడుమును తాకుతుంది. అపుడు బంతి గాలిలోకి లేవక నేలపై దొర్లుతుంది. దీనినే 'టాప్' చేయడం అంటారు.

సరైన కదలిక క్రమం

నిలబడే తీరు: డ్రైవర్‌కు మడమల మధ్య దూరం దాదాపు భుజాల వెడల్పు ఉండాలి. క్లబ్ పొట్టిదయ్యే కొద్దీ ఈ దూరం తగ్గుతుంది. పాదాలు మరీ దగ్గరైతే ఆధారం చాలదు. మరీ ఎడమైతే నడుము తిరగదు. బరువు వేళ్ళపైన గాని, మడమలపైన గాని కాకుండా, బూటు లేసులు కట్టే చోటి కింద ఉండాలి.

బ్యాక్‌స్వింగ్: క్లబ్‌ను ఎత్తుతున్నపుడు బరువు కుడి పాదపు లోపలి భాగం మీదికి చేరాలి. కుడి మోకాలు కొద్దిగా వంగే ఉండాలి.

డౌన్‌స్వింగ్: క్లబ్ కిందికి దిగకముందే బరువు ఎడమ పాదం వైపు మళ్ళడం మొదలవుతుంది. కుడి పాదం మొదట లోపలికి ఒరిగి, తరువాత మడమ లేస్తుంది.

ముగింపు: బరువు దాదాపు అంతా ఎడమ కాలిపై ఉండాలి. కుడి పాదం బొటనవేలిపై ఆని ఉండాలి. బొడ్డు లక్ష్యం వైపు తిరిగి ఉండాలి.

సాధారణ లోపాలు, సవరణలు

పక్కకు జరగడం: బ్యాక్‌స్వింగ్‌లో నడుము తిరగడానికి బదులు కుడి వైపుకు జరిగిపోతుంది. బరువు కుడి పాదపు బయటి అంచుపై పడుతుంది. ఆటగాడు సకాలంలో తిరిగి రాలేక, బంతికి ముందే నేలను కొడతాడు. సవరణకు కుడి పాదపు బయటి అంచు కింద ఒక బంతిని ఉంచి, మెల్లగా సగం స్వింగ్‌లు చేయాలి. బరువు బయటికి పోవడానికి బంతి అడ్డుపడుతుంది.

బరువు తిరగబడడం: బ్యాక్‌స్వింగ్‌లో బరువు ఎడమ కాలిపైనే నిలిచి, డౌన్‌స్వింగ్‌లో కుడి కాలికి పోతుంది. తలను కదపరాదన్న సలహాను అతిగా పాటించేవారిలోనూ ఇది కనిపిస్తుంది. సవరణకు రెండు పాదాలను దగ్గరగా ఉంచి క్లబ్‌ను ఎత్తాలి. క్లబ్ పైకి చేరుతున్నపుడు ఎడమ పాదాన్ని లక్ష్యం వైపు ఒక అడుగు వేసి, ఆ తరువాత కొట్టాలి. రాయి విసిరేవారు ముందుకు అడుగు వేసినట్లే ఇదీ సహజమైన కదలిక.

బంతి వైపు తూలడం: ముగింపులో కాలివేళ్ళపైకి వచ్చి ముందుకు అడుగు వేయవలసి వస్తుంది. బంతికి మరీ దూరంగా నిలబడడం, మొదటి నుండే వేళ్ళపై బరువు ఉంచడం దీనికి కారణాలు. సవరణకు పాదాలు రెండూ కలిపి ఉంచి, పొట్టి క్లబ్‌తో సగం బలంతో కొట్టాలి. ఆధారం ఇరుకైనందున ఏ మాత్రం తూలినా వెంటనే తెలిసిపోతుంది.

వెనుక కాలిపై ఉండిపోవడం: బంతిని పైకి లేపాలనే ఆత్రుతతో ఆటగాడు వెనుకకు ఒరుగుతాడు. బంతిని లేపేది క్లబ్ ముఖపు వాలు. అందుకు శరీరం ఒరగనక్కరలేదు. సవరణకు ప్రతి స్వింగ్ ముగింపులో మూడు సెకన్లు కదలకుండా నిలిచి, కుడి పాదాన్ని నేల నుండి ఎత్తి చూడాలి. ఎత్తలేకపోతే బరువు మారలేదని అర్థం.

కుడి మడమ తొందరగా లేవడం: కుడి మోకాలు బంతి వైపు దూసుకువస్తుంది, చేతులకు చోటు చాలదు. సవరణకు కుడి మడమను నేలపైనే ఉంచి, నడుము ఎత్తు వరకు మాత్రమే క్లబ్‌ను ఎత్తి కొట్టాలి.

ఈ అభ్యాసాలను మొదట బంతి లేకుండా, తరువాత పొట్టి క్లబ్‌తో, చివరకు పొడవైన క్లబ్‌తో చేయాలి. ఒకేసారి రెండు లోపాలను సవరించబూనితే ఏది ఫలించిందో తెలియదు.

వాలు నేలపై

గోల్ఫ్ మైదానం అంతటా చదునుగా ఉండదు. బంతి పాదాల కంటే ఎత్తున ఉన్నపుడు శరీరం మడమల వైపు ఒరుగుతుంది. బంతి ఎడమకు పోయే అవకాశం ఎక్కువ. అపుడు బరువును కొద్దిగా ముందుకు ఉంచాలి. బంతి పాదాల కంటే పల్లంలో ఉంటే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. రెండు సందర్భాలలోనూ పూర్తి బలం వాడక, స్వింగ్‌ను కురచ చేయడం మేలు. ఇసుక గుంటలో పాదాలను తగుమాత్రం ఇసుకలో కూరుకొని నిలబడడానికి నియమాలు అనుమతిస్తాయి.

ప్రసిద్ధ ఆటగాళ్ళ పద్ధతులు

అమెరికా ఆటగాడు శామ్ స్నీడ్ సమతౌల్యం కోసం చెప్పులు లేని కాళ్ళతో సాధన చేసేవాడు. 18 మేజర్ టోర్నమెంట్లు గెలిచిన జాక్ నిక్లాస్ చేత బాల్యంలో అతని గురువు జాక్ గ్రౌట్ మడమలు లేవకుండా బంతులు కొట్టించాడు. చీలమండలను సరిగా ఒరిగించడం వచ్చిన తరువాత నిక్లాస్ బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమను ఎత్తే పద్ధతిని పాటించాడు. బెన్ హోగన్ 1957లో వెలువడిన తన పుస్తకంలో కుడి పాదాన్ని లక్ష్యరేఖకు లంబంగా, ఎడమ పాదాన్ని కొద్దిగా బయటికి తిప్పి ఉంచమని బోధించాడు. 1949 ఫిబ్రవరిలో కారు ప్రమాదంలో అతని కటి ఎముక, చీలమండ విరిగాయి. అయినా 1950 జూన్‌లో, కాళ్ళకు కట్లతోనే, అతడు యు.ఎస్. ఓపెన్ గెలిచాడు.

జాగ్రత్తలు

పాదం నేలకు అతుక్కుపోయి, శరీరం మాత్రమే తిరిగితే ఆ మెలి మోకాలిపైన, నడుముపైన పడుతుంది. కీళ్ళు బిగుసుకున్నవారు, వయసు మీరినవారు ఎడమ మడమను కొద్దిగా లేవనిస్తే నడుము సులభంగా తిరుగుతుంది. ఎడమ పాదాన్ని ముందుగానే కొంచెం బయటికి తిప్పి ఉంచితే ముగింపులో మోకాలిపై ఒత్తిడి తగ్గుతుంది. తడి గడ్డిపై అరిగిన బూట్లతో ఆడరాదు. నొప్పి కలిగితే సాధన ఆపి వైద్యుని సంప్రదించాలి.

లోపం సవరింపబడిందో లేదో బంతి పోయిన దూరాన్ని బట్టి నిర్ణయించరాదు. కొట్టిన బంతి నేలకు దిగేవరకు ఎడమ కాలిపై కదలకుండా నిలువగలగడమే సమతౌల్యానికి నమ్మదగిన గుర్తు.