నడుము నొప్పికి వెన్నులో సూదా?

నాట్లు వేస్తే రోజంతా వంగే ఉండాలి. కలుపు తీసినా అంతే. ఇంటికొచ్చి బిందెలు మోయాలి. నడుము నొప్పి ఎరగని ఆడమనిషి ఊళ్లో అరుదు. అందుకే చాలామంది ఆసుపత్రికి పోగానే "ఒక్క సూది ఏసెయ్యండి డాక్టరుగారూ, పొద్దున్నే పనికి పోవాలి" అంటారు.

తుంటికి వేసే సూది వేరు. వెన్నులో వేసే సూది వేరు. కాన్పు ఆపరేషనుకు ముందు వేసే మత్తు సూది కూడా ఇది కాదు. ఆ మత్తు సూది వల్లే ఏళ్ల తరబడి నడుము నొప్పి వస్తుందని ఊళ్లో అంటారు. పరిశోధనల్లో అలా తేలలేదు.

పని ఎక్కువై కండరాలు పట్టేస్తే వెన్నులో సూది అక్కర్లేదు. ఆ నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మరి ఈ సూది ఎవరికి? వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు ఉంటాయి. వాటిని డిస్కులు అంటారు. ఒక్కోసారి డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతుంది. నొప్పి తొడ, పిక్క మీదుగా పాదం దాకా జివ్వున లాగుతుంది. మాత్రలకూ వ్యాయామానికీ అది తగ్గకపోతే డాక్టర్లు ఈ సూది సంగతి ఆలోచిస్తారు. నరం చుట్టూ వాపు తగ్గించే స్టిరాయిడ్ మందు ఇస్తారు. కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు సుఖంగా ఉంటుంది. కొందరికి ఏ గుణమూ కనిపించదు.

సూదులకు నంబర్లు ఉంటాయి. ఇక్కడ లెక్క తలకిందులు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 18 నంబరు సూది మిల్లీమీటరు కంటే లావు. 25 నంబరుది అర మిల్లీమీటరే. వెన్నుపాము చుట్టూ నీరు, ఆ నీటి చుట్టూ ఒక పొర ఉంటాయి. మందు పొర బయటే పడాలి. పొరకు చిల్లు పడితే నీరు కారుతుంది. అప్పుడు లేచి కూర్చుంటే తల పగిలేంత నొప్పి. పడుకుంటే తగ్గుతుంది. లావు సూది చిల్లు పెద్దది. అలాగని సన్న సూదే మంచిదని చెప్పలేం. అది లోపల వంగి దారి తప్పవచ్చు. ఒక రకం లావు సూదికి కొన కాస్త వంపుగా చేస్తారు, పొరలోకి సులువుగా దిగకుండా. ఏ సూది వాడాలో డాక్టరే చూసుకుంటారు.

రోగి అడగాల్సింది మరొకటి. "ఎక్స్‌రే తెర మీద చూస్తూ వేస్తారా?" అని అడగాలి. తెర మీద సూది కొన ఎక్కడుందో కనిపిస్తుంది. చాలా అరుదుగా మందు రక్తనాళంలోకి పోయి కాళ్లు పడిపోయిన వాళ్లున్నారు.

సీలున్న కొత్త సూదినే వాడాలి. మందు సీసా మీద తేదీ చదివి చూపించమని అడగవచ్చు. చదువొచ్చాక అడగడానికి మొహమాటం దేనికి? మందు కూడా శుభ్రంగా ఉండాలి. 2012లో అమెరికాలో ఒక కంపెనీ చేసిన స్టిరాయిడ్ మందులో బూజు చేరింది. వెన్నులో, కీళ్లలో ఆ సూది వేయించుకున్న 750 మందికి పైగా జబ్బుపడ్డారు. 60 మందికి పైగా చనిపోయారు.

షుగరు ఉన్నా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా, జ్వరం, చీముగడ్డలు ఉన్నా, నెల తప్పినా ముందే చెప్పాలి. ఈ మందుతో కొన్నాళ్లు షుగరు పెరుగుతుంది. మాత్రలు సొంతంగా మానకూడదు.

సూది వేశాక కొన్ని గంటలు కాళ్లు తిమ్మిరిగా ఉండవచ్చు. తోడు మనిషి కావాలి. ఆ రోజు పొలం పని వద్దు. తర్వాత జ్వరం వచ్చినా, మెడ బిగుసుకున్నా, కాళ్లలో బలం తగ్గినా, ఒంటికి పోయేది తెలియకపోయినా కాపడం పెట్టుకుంటూ కూర్చోకూడదు. రాత్రయినా సరే, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి.