పేరు ఒక్కటే, రాతలు మూడు

చార్మినార్ పక్క గల్లీల్లో పిల్లలకు పాఠాలు చెబుతూ మేము తల నెరిపించుకున్నాం. చదువు ముగిసి ఏళ్లు గడిచినా విద్యార్థులు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఇప్పుడు వారు తెచ్చేవి పుస్తకాలు కావు, తాతల నాటి కాగితాలు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గాని చదవడం రాదు.

ఆ మధ్య ఒక పూర్వ విద్యార్థి మూడు కాగితాలు పట్టుకొచ్చాడు. "మౌల్వీ సాబ్, ఇవి ముగ్గురు మనుషులవా, ఒక్కరివేనా?" అన్నాడు. అసలు పేరు రాయడం మర్యాద కాదు, వాళ్ల దాదాగారి పేరు నజీర్ అనుకుందాం. మొదటిది నిజాం కాలపు ఉద్యోగ పత్రం. అందులో పుట్టిన ఏడు 1325. రెండోది 1960 నాటి ఇంటి దస్తావేజు. అందులో వయసు 45. మూడోది ఫూఫీ పెళ్లినాటి సియాహా. అందులో వధువు తండ్రి పేరు 'నన్నే మియా'. ఇల్లు పంచుకునే సమయం వచ్చింది. ఫూఫీ ఏనాడో కన్నుమూశారు. ఆమె బిడ్డలు వాటా అడిగితే, "నన్నే మియా ఎవరో మాకు తెలియదు" అన్నారట ఇంట్లో కొందరు.

ముందుగా ఏడు సంగతి చూశాం. 1325ను హిజ్రీ అనుకుంటే 1907 అవుతుంది. దస్తావేజు లెక్కకు అది కుదరదు. అయితే అంకె పక్కనే 'బహమన్' అని నెల పేరు ఉంది. మొహర్రం, సఫర్ వంటివి హిజ్రీ నెలలు. ఆజర్, దై, బహమన్ నిజాం ప్రభుత్వం వాడిన ఫస్లీ నెలలు. హైదరాబాద్ ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఏడాది మొదలయ్యేది అక్టోబరులో. అంటే ఆ పెద్దాయన పుట్టింది 1915 చివర్లో. 1960లో వయసు 45 అని రాయడం సబబే. నెల పేరు చూడకుండా అంకె ఒక్కటే చదివితే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

ఇక పేరు. తెలుగులో ఒకే 'జ' ఉంది. ఉర్దూలో ఆ చోట జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు పలుకుతాయి. జాల్‌తో నజీర్ అంటే హెచ్చరించేవాడు, జోయ్‌తో నజీర్ అంటే సాటి, ఉదాహరణ. రెండూ వేరు వేరు పేర్లు. ఆంగ్లంలోకి, తెలుగులోకి వచ్చేసరికి రెండూ ఒకటవుతాయి. దీనికి ఎదురు సంగతీ ఉంది. ఒకే పేరు మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ అని మూడు రాతలవుతుంది. షేక్, షేఖ్, ఖాదర్, ఖాదిర్ కూడా అంతే. గుమాస్తా చెవికి వినిపించినట్టు రాశాడు, మనవడు కంటికి కనిపించినట్టు చదివాడు. షికస్తా రాతలో చుక్క ఒకటి జారితే హబీబ్ కాస్తా ఖబీబ్ అవుతుంది.

అక్షరం మారితే చరిత్రే మారుతుంది. అబ్జద్ లెక్కలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. మన చార్మినార్ కట్టిన హిజ్రీ 1000ని 'యా హాఫిజ్' అన్న మాటలో పెద్దలు చూపిస్తారు. చివరి జోయ్ విలువ 900. దాని బదులు జే రాస్తే విలువ 7 మాత్రమే, మొత్తం 107 అవుతుంది! పిల్లలకూ ఇలా 'తారీఖీ నామ్' పెట్టే ఆచారం ఉండేది. మౌలానా అబుల్ కలాం ఆజాద్‌కు పెట్టిన 'ఫీరోజ్ బఖ్త్' అన్న పేరును కూడితే 1305 వస్తుంది. అది ఆయన పుట్టిన హిజ్రీ సంవత్సరమే. కనుక ఇంట్లో వింతగా తోచే పాత పేరు కనిపిస్తే నవ్వి ఊరుకోకండి. ముందు ఉర్దూ రాత చూసి, కూడి చూడండి.

అన్ని వింత పేర్లూ అంకెలు చెప్పవు. రంజానీ, జుమ్మన్ వంటివి పుట్టిన నెలనో రోజునో చెబుతాయి. సైదులు, నాగూర్ మీరా, కుళ్లాయప్ప వంటివి జాన్‌పహాడ్, నాగూరు, గూగూడుల వైపు దారి చూపుతాయి. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి ఫకీరా అని పిలుచుకుంది, పక్కింటి తెలుగు తల్లి పెంటయ్య అని పిలుచుకుంది. భయమూ ఒకటే, ఆశా ఒకటే. బార్కస్ అరబ్బు కుటుంబాల్లో 'బిన్' పట్టుకుని తండ్రి, తాత పేర్లు వరుసగా దొరుకుతాయి. పెద్దింటివారికి వేరే చిక్కు. సాలార్ జంగ్ అన్న ఒక్క బిరుదు కింద తురాబ్ అలీ ఖాన్, లాయఖ్ అలీ ఖాన్, యూసుఫ్ అలీ ఖాన్ ముగ్గురున్నారు. బిరుదు చూసి మనిషిని పోల్చుకోలేం.

మా విద్యార్థి కథకు వద్దాం. 'నన్నే మియా' చిక్కును కాగితం విప్పలేదు, ఒక ముసలమ్మ విప్పింది. "నన్నే మియా ఎవరేమిటి? ఇంట్లో చిన్నవాడు కదా, నజీర్‌ను వాళ్లమ్మ అలాగే పిలిచేది" అన్నది బస్తీలో మిగిలిన ఆ పెద్దావిడ. సియాహాలోని తాత పేరు, ఉద్యోగ పత్రంలోని తండ్రి పేరు కూడా కలిశాయి. ఫూఫీ బిడ్డలకు ఖుర్‌ఆన్ నిర్ణయించిన వాటా దక్కింది. దానికన్నా పెద్ద మాట, రెండిళ్ల మధ్య మళ్లీ సలాం మొదలైంది.

వంశం తెలుసుకోవడం గొప్పలు చెప్పుకోవడానికి కాదు, బంధుత్వం నిలుపుకోవడానికి అని ప్రవక్త (స) బోధించారు. 1908 మూసీ వరదలో ఎన్నో ఇళ్లు కాగితాలతో సహా కొట్టుకుపోయాయి. మిగిలినవి ఖాజీ దఫ్తరులో, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, ఇంటి ఖుర్‌ఆన్ చివరి ఖాళీ పుటల్లో ఉన్నాయి. అవి రేపు కూడా ఉంటాయి. పిలుపు పేర్లు ఎరిగిన ముసలమ్మలు మాత్రం ఉండరు. ఈ జుమా నమాజు అయ్యాక ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చోండి. పేరు, పిలుపు పేరు, తండ్రి పేరు, ఊరు అడిగి, ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి పెట్టండి.