గాజు పొయ్యికీ మేకప్ తీయాలి!

జూబ్లీహిల్స్ అనగానే మనకు గుర్తొచ్చేవి తారల మేడలు, పొడుగు కార్లు, గేటు దగ్గర గూర్ఖాలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పిన నాటికి ఆ చుట్టుపక్కలంతా రాళ్లూ రప్పలూ. ఇవాళ అడుగు జాగా దొరకదు! ఆ మేడల్లో హాలు ఫోటోలు మీరు బోలెడు చూసి ఉంటారు. ఈసారి నేను నేరుగా వంటింట్లోకే వెళ్లాను.

అక్కడ కథానాయిక ఎవరనుకున్నారు? నల్లగా, నున్నగా, అద్దంలా మెరిసే సిరామిక్ గాజు పొయ్యి! మంట లేదు, పొగ లేదు. మీట తాకితే గాజు కింద తీగ ఎర్రబడుతుంది. దీని చెల్లెలు ఇండక్షన్ పొయ్యి. అందులో అయస్కాంత క్షేత్రం వల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. రెండింటికీ పైన ఉండే పలక మాత్రం ఇంచుమించు ఒకే జాతి.

పుట్టుకే ఒక సినిమా

1953లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో స్టూకీ అనే శాస్త్రవేత్త ఓ గాజుముక్కను 600 డిగ్రీల కొలిమిలో పెట్టారు. కొలిమి మొరాయించి వేడి 900కి పోయింది. ఇక పాడైందనుకుని తీస్తుంటే పట్టుజారి కిందపడింది. ఠంగుమంది గానీ పగల్లేదు! రీటేక్ అనుకున్న షాట్ ఓకే అయిందన్నమాట. వేడికి గాజులో సన్నని స్ఫటికాలు పుట్టడమే ఆ బలానికి కారణం. 1971లో ఇలాంటి గాజుతో పొయ్యి పలకను ఓ జర్మనీ కంపెనీ ప్రదర్శించింది. ఆ కంపెనీ పేరు విన్నారా? షాట్!

వేడికి ఈ గాజు దాదాపు సాగదు. అందుకే అంత వేడినీ తట్టుకుంటుంది. మన ఇళ్లలో గ్యాస్ స్టవ్ మీద కనిపించే గాజు వేరు. అది టఫెన్డ్ గాజు. బాగా కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే ముక్కలయ్యే ప్రమాదముంది. అక్కాచెల్లెళ్లలా కనిపించినా రెండూ ఒకటి కావు సుమండీ.

విలన్ ఎవరు?

ఫిల్మ్‌నగర్‌లో ఓ ఇంటికి వెళ్తే వంటావిడ తలొంచుకుని నిలబడి ఉంది. పొయ్యి పలక మీద తెల్లగా నాలుగు గుంటలు. "ఎంత తోమినా పోలేదు బాబూ, జీతంలో కోస్తామంటున్నారు" అంది. సంక్రాంతికి అరిసెలు చేశారా అని అడిగాను. చేశారట! పాకం పొంగి పలక మీద పడింది. చల్లారాక శుభ్రం చేద్దామని ఆమె ఆగింది. మిగతా మరకలకైతే అదే సరైన పద్ధతి. కానీ పంచదార, బెల్లం పాకాలు గాజుకు అతుక్కుని, చల్లారి బిగుసుకునేటప్పుడు గాజు పెచ్చును కూడా లాగేస్తాయి. ఆ గుంటలు తోమితే పోయేవి కావు. ఈ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారు గనక? పొయ్యితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అదీ సొరుగులో!

కాబట్టి పాకం పడితే వెంటనే స్విచ్ ఆపి, గిన్నె దించి, చేతికి మందపాటి తొడుగు వేసుకుని, గాజు గీరే బ్లేడుతో వేడి మీదే చల్లని పక్కకు తోసేయాలి. పాలలోనూ చక్కెర ఉంది. గృహప్రవేశానికి పాలు పొంగించండి, శుభం. కానీ వాటిని పలక మీద మాడనివ్వకండి.

రోజువారీ సింగారం

మిగతా రోజుల్లో పలక చల్లారనివ్వండి. వేడి ఉందని చెప్పే ఎర్రదీపం ఆరిందాకా చెయ్యి పెట్టొద్దు. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు ఒక్క చుక్క, మెత్తటి గుడ్డ చాలు. తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. బోరునీళ్ల తెల్లమచ్చలకు కాస్త వెనిగర్ రాసి, మంచినీళ్లతో తుడిచేయండి. మాడి అంటుకున్న పులుసుకు బ్లేడును పడుకోబెట్టినట్టు వాలుగా పట్టి గీకాలి. ఇనుప పీచు, తోముడు పొడి, బూడిద ఆ దరిదాపులకు రాకూడదు!

గిన్నె అడుగు తుడిచి పెట్టండి. ఓ ఇసుక రేణువున్నా గీత పడుతుంది. గిన్నెను ఈడ్చకుండా ఎత్తి దించాలి. అల్యూమినియం గిన్నెల వల్ల వచ్చే వెండిరంగు చారలు గీతలు కావు, గాజుకు అంటిన లోహం. ఈ పొయ్యిల కోసమే అమ్మే క్రీముతో చాలావరకు పోతాయి. పొయ్యి పైన అరలో ఊరగాయ జాడీలు పెట్టకండి, జారిపడితే పలకకే ముప్పు. పలక చిట్లిందా, మెయిన్ స్విచ్ కట్టేయండి. పగులు సన్నదేగా అని వండితే, ఆ సందులోంచి నీళ్లు దిగి షాక్ కొట్టొచ్చు.

చివరగా యజమానులకో మనవి. సొరుగులోని ఆ పుస్తకం తీసి, వంట చేసేవారిని కూర్చోబెట్టి తెలుగులో చెప్పండి. గీత పడ్డాక పది మాటలనే కంటే, పడకముందు ఒక్క మాట చెప్పడం చవక కదా!